మోనిత మీద కోపం, డాక్టర్ బాబు మీద జాలి

ఏళ్ల తరబడి భార్యను అనుమానించి, ఆమె కడుపుతో ఉన్నప్పుడు దూరం చేసుకుని, సొంత బిడ్డను తన బిడ్డ కాదన్న మనిషి మీద మన ఆడవాళ్లకు కోపం నిలవలేదు. ఊళ్లలో ఆయనను కార్తీక్ అని పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ డాక్టర్ బాబే. 2017 అక్టోబర్ 16న స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23న ముగిసిన ‘కార్తీక దీపం’ 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. అన్నాళ్లూ దీప కష్టానికి కళ్లొత్తుకున్నవాళ్లే, ఆ కష్టం పెట్టిన భర్త ముఖం చిన్నబోతే ‘పాపం, ఆయన మాత్రం ఏం చేస్తడు’ అన్నారు. కోపమంతా ఆయనను కోరుకున్న మోనిత ఖాతాలో పడింది. టీవీలో ఒక పాత్ర నెమ్మదిగా మారుతుంటే చూసేవాళ్ల మనసు ఎందుకు మారుతుంది, ఎవరి కోసం మారుతుంది, ఎవరి కోసం మారనంటుంది? ఈ ప్రశ్న మీద లోకంలో జరిగిన ఆలోచననూ మన సీరియళ్లు చూపించినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలని నా ప్రయత్నం.

నేను చూసేది కేతేపల్లి నుంచి. 65వ జాతీయ రహదారి మీద నకిరేకల్‌కూ సూర్యాపేటకూ నడుమ ఉన్న మండలం, మూసీ ప్రాజెక్టు నీళ్లతో వరి పండే ఊళ్లు. ఇక్కడ ఏడున్నర సీరియల్ ఎనిమిదింటికి అయిపోదు. తెల్లారి నాట్ల కాడ మళ్లీ మొదలవుతుంది. రాత్రి చూడలేకపోయిన ఆమెకు చూసిన ఆమె కథ చెప్తుంది, చెప్తూ చెప్తూ తన తీర్పు కూడా కలుపుతుంది. ‘గామె గంత చెడ్డదేం గాదక్కా, ఆమె బాధ ఆమెకుంది’ అని ఒకరంటే, ‘నీ మొగని ఎంబడి పడితే తెలుస్తది’ అని ఇంకొకరంటారు. వరుస పూర్తయ్యేసరికి ఆ పాత్ర పరువు పెరిగి ఉంటుంది, లేదా పోయి ఉంటుంది. ఈ విషయం మీద రాసిన పాశ్చాత్య పండితులు ఎక్కువగా తెర ముందు కూర్చున్న ఒంటరి ప్రేక్షకుణ్ని ఊహించుకున్నారు. మా దగ్గర పక్షం ఎంచుకునేది గుంపు.

ఈ ప్రాంతానికి టీవీ కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు చదువు చెప్పాలని దేశంలో ఆరు రాష్ట్రాల్లో ‘సైట్’ ప్రయోగం జరిగినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలు కూడా అందులో ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. పంటలు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి చెప్పడానికి పుట్టిన టీవీ, కథ చెప్పడం మొదలుపెట్టగానే తన మాట తానే నిలబెట్టుకోలేకపోయింది. 1984 జులైలో మొదలై 1985 డిసెంబర్ దాకా 156 భాగాలు నడిచిన హిందీ ‘హమ్ లోగ్’ అందుకు మొదటి సాక్ష్యం. అందులో భాగవంతి తాగుబోతు మొగుణ్నీ ఇంటి చాకిరీనీ మౌనంగా భరించే తల్లి. ఇట్లా బతకొద్దని చెప్పడానికే ఆ పాత్రను పెట్టారు. సీరియల్ ప్రభావాన్ని పరిశీలించిన అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ చెప్పిందేమంటే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శంగా ఎంచుకున్నారు. అమెరికాలోనూ ఇట్లాంటిదే జరిగింది. ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’లో ఆర్చీ బంకర్ అనే జాతి దురభిమానిని నవ్వులపాలు చేయాలనుకుంటే, అట్లాంటి అభిప్రాయాలే ఉన్న ప్రేక్షకులు అతణ్ని తమవాడిగా చూసుకున్నారని విడ్మార్, రోకీచ్ అనే పరిశోధకులు 1974లో చూపించారు. రాసినవాడి ఉద్దేశానికీ చూసినవాళ్ల ప్రేమకూ నడుమ పెద్ద సందు ఉంది. మిగతా ఆలోచనంతా ఆ సందు గురించే.

జేసన్ మిట్టెల్ అనే పరిశోధకుడు 2015లో తెచ్చిన పుస్తకంలో చేసిన ఒక విభజన నాకు చాలా ఉపయోగపడింది. పాత్ర నిజంగా మారడం ఒకటి, పాత్ర గురించి మనకు తెలిసింది మారడం ఇంకొకటి. రెండూ తెర మీద ఒక్కలాగే కనిపిస్తాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1995లో, మరే స్మిత్ అనే ఇంకో పరిశోధకుడు ఇంకో తేడా చెప్పాడు. కథ మనల్ని ఎవరి వెంట నడిపిస్తుందన్నది వేరు, మనం ఎవరి పక్షాన నిలబడతామన్నది వేరు. వెంట నడిచినంత మాత్రాన పక్షం వహించాలని లేదు, కానీ చాలాకాలం వెంట నడిస్తే పక్షం దానంతటదే వస్తుంది. 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’లో కెమిస్ట్రీ పంతులు మత్తుమందుల వ్యాపారిగా దిగజారుతుంటే ప్రేక్షకులు అతని వెంటే నడిచారు. అతనికి అడ్డుచెప్పిన భార్యను మాత్రం ఎంతగా ద్వేషించారంటే, ఆ వేషం వేసిన అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాయాల్సి వచ్చింది. ఆర్థర్ రేనీ అనే పరిశోధకుడు చెప్పిన సంగతి ఇంకా కఠినంగా ఉంటుంది. మనం ముందు ఇష్టపడతాం, తర్వాత ఆ ఇష్టానికి నీతి వెతుక్కుంటాం.

మనకు ఇది తెలియనిది కాదు. రావణుడికీ దుర్యోధనుడికీ కర్ణుడికీ జనం మనసులో చోటు ఇప్పించినవాడు మనకున్నాడు. ఎన్టీ రామారావు 1961లో ‘సీతారామ కళ్యాణం’లో రావణుడిగా, 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’లో కృష్ణుడితోపాటు దుర్యోధనుడిగా, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ఆ ఇద్దరితోపాటు కర్ణుడిగా కనిపించారు. ఆ చివరి సినిమా చూసి బయటికి వచ్చినవాళ్లకు కౌరవ పక్షం మీద గౌరవం పుట్టింది. కొండవీటి వెంకటకవి మాటలూ రామారావు నిండైన గొంతూ దాదాపు నాలుగు గంటల్లో ఆ పని చేసేశాయి. అయితే అక్కడ కథ ముగింపు అందరికీ తెలుసు. దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలిసే అతని మీద జాలిపడతాం. పల్లెల్లో రాత్రంతా ఆడే చిందు యక్షగానాల్లో, ఒగ్గుకథల్లో కూడా ఇంతే. కథకుడు ఎన్ని మలుపులు తిప్పినా ఒడ్డు ఎక్కడుందో వినేవాడికి తెలుసు. డైలీ సీరియల్‌కు ఒడ్డు లేదు. ఎప్పుడు ముగుస్తుందో రాసేవాళ్లకే తెలియదు. అందుకే సీరియల్‌లో జాలి ఒక చోట కుదురుగా ఉండదు.

తెలుగు ఇళ్లలో ఈ మార్పును మొట్టమొదట అంత లోతుగా చూపించింది డబ్బింగ్ సీరియల్ అని ఒప్పుకోవాలి. 2008 జులైలో కలర్స్ చానల్‌లో మొదలైన ‘బాలికా వధు’ మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా వచ్చింది. అందులో సురేఖా సిక్రీ వేసిన బామ్మ కళ్యాణీదేవి మొదట్లో చూస్తేనే భయం. మనవడి భార్యగా వచ్చిన చిన్నారి ఆనందిని చదువుకు దూరం చేసిన మనిషి. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె కూడా ఒకనాటి చిన్నారి పెళ్లికూతురే అన్న సంగతి మనకు అర్థమవుతూ వచ్చింది. అది మనకు తెలిసింది మారడం. ఆ తర్వాత, మనవడు జగ్య ముంబైలో డాక్టర్ చదువుకు పోయి ఇంకో అమ్మాయిని పెళ్లిచేసుకుంటే, బామ్మ మనవణ్ని కాదని ఆనంది వైపు నిలబడింది. అది పాత్ర మారడం. మిట్టెల్ విడదీసి చెప్పిన రెండూ ఒకే ముసలామెలో ఒకదాని వెంట ఒకటి జరిగాయి, రెండోదానికి మొదటిది పునాది వేసింది. 2021లో సురేఖా సిక్రీ పోయినప్పుడు తెలుగువాళ్లూ బాధపడ్డారంటే అది ఆ బామ్మ కోసమే.

అదే సీరియల్‌లో జగ్య కథ ఇంకా ముఖ్యమైంది. చిన్నప్పుడు ఆనందితో ఆడుకున్న పిల్లవాడిగా అతను అందరికీ ముద్దు. పెద్దయ్యాక చేసిన ద్రోహంతో ఆ ముద్దంతా పోయింది. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు, ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. ఆనంది ఒప్పుకోలేదు, కలెక్టర్ శివ్‌ను పెళ్లిచేసుకుంది. చూసేవాళ్లు జగ్య మీద జాలిపడ్డారు, అయినా ఆనంది నిర్ణయాన్ని తప్పుపట్టలేదు. జాలిపడటం, మన్నించడం, మళ్లీ ఇంట్లోకి రానివ్వడం మూడూ వేర్వేరని మా పెద్దమ్మలు అప్పుడే తేల్చుకున్నారు. ఏ విశ్వవిద్యాలయమూ వాళ్లకు ఆ పాఠం చెప్పలేదు. చిన్నప్పటి ఆనందిగా వేసిన అవికా గోర్ 2013లో ‘ఉయ్యాల జంపాల’తో తెలుగు తెర మీదికి వచ్చినప్పుడు జనం ఆమెను కొత్త నటిగా చూడలేదు. పెరిగి పెద్దదైన తమ ఇంటి పిల్లగా చూశారు. పాత్ర మీద పెంచుకున్న ఆపేక్ష సీరియల్ గడప దాటి వెళ్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక ‘కార్తీక దీపం’. మలయాళ ‘కరుత్తముత్తు’ ఆధారంగా, అందులో కథానాయికగా చేసిన ప్రేమి విశ్వనాథ్‌నే తెచ్చుకుని, కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో తీశారు. నల్లగా ఉన్న దీపను డాక్టర్ కార్తీక్ ఇష్టపడి పెళ్లిచేసుకుంటాడు. అతన్ని కోరుకునే తోటి డాక్టర్ మోనిత, అతనికి పిల్లలు పుట్టే అవకాశమే లేదన్న దొంగ రిపోర్టు పుట్టించి, దీప కడుపులో ఉన్నది వేరేవాళ్ల బిడ్డ అని నమ్మిస్తుంది. దీప ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ వంటలక్కగా బతుకుతుంది. పుట్టిన కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర పెరుగుతారు.

ఇందులో అసలు కిటుకు ఆ దొంగ రిపోర్టు. ప్రేక్షకుడికి మొదటినుంచీ నిజం తెలుసు, కార్తీక్‌కు తెలియదు. అతను దీపను ఎన్ని మాటలన్నా, ‘తెలిస్తే అనడు కదా’ అన్న ఆలోచన మన మనసులో మెదులుతూనే ఉంటుంది. తెలియనివాడి తప్పు తప్పులా కనిపించదు. భార్య మాట కంటే కాగితాన్ని ఎక్కువ నమ్మడం, ఆమెను ఒక్కసారైనా కూర్చోబెట్టి అడగకపోవడం అతను స్వయంగా చేసిన పనులే. కానీ కథ ఆ పనులను మోసం చాటున దాచేసింది. డాక్టర్ అయి ఉండి డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించుకోడన్న ప్రశ్న తెలుగు నేల మొత్తం అడిగింది. అది కథలో లోపమని నవ్వుకున్నారు. నా దృష్టిలో అది లోపం కాదు, ఆ పాత్రకు అండ. పరీక్ష చేయించుకున్న రోజు అతనికి తెలియదన్న సాకు పోతుంది. సాకు పోతే జాలి పోతుంది. అందుకే ఆ పరీక్షను అంతకాలం వాయిదా వేశారు. నిజం బయటపడ్డాక అతను కుమిలిపోయిన రోజులను కూడా కథ దీప కళ్లతో కాక అతని కళ్లతోనే చూపించింది. భార్య ఏళ్ల తరబడి పడ్డ బాధకూ భర్త కొన్ని వారాల కన్నీళ్లకూ బాకీ చెల్లిపోయింది.

మోనిత చేసిన నేరాలు చిన్నవి కావు, ఆమెను వెనకేసుకు రావాలని నాకు లేదు. అయినా ఒక విషయం గమనించాలి. ఆ వేషం వేసిన శోభా శెట్టి నటన వల్ల, మోనిత ఒంటరితనం చూపించిన ఎపిసోడ్ల వల్ల, తల్లయ్యాక ఆమెలో కనిపించిన తపన వల్ల, ఎంతోమందికి ఆమె మీద మెత్తదనం పుట్టింది. ‘పిచ్చి ప్రేమ’ అన్న మాట నేను ఊళ్లో చాలాసార్లు విన్నాను. కథ మాత్రం ఆ మెత్తదనాన్ని ఎన్నడూ అందుకోలేదు. ఒక వారం ఆమెను మనిషిని చేసి, మరుసటి వారం కొత్త కుట్రతో మళ్లీ రాక్షసిని చేసేది. కారణం తేలికే. ఆమె బాగుపడితే కార్తీక్ తప్పులు మోయడానికి కథలో ఎవరూ మిగలరు. భర్తలు మారి మంచివాళ్లవుతుంటే పక్కనున్న ‘ఇంకో ఆడది’ మారకుండా ఉండాల్సి రావడం మన సీరియళ్ల కట్టడంలోనే ఉంది. 2020 ప్రారంభంలో మొదలైన ‘ఇంటింటి గృహలక్ష్మి’లోనూ ఇదే అమరిక. తులసిని వదిలేసిన నందగోపాల్ పోను పోను జాలిపడదగ్గ మనిషి అయ్యాడు, లాస్య మాత్రం లాస్యగానే ఉండిపోయింది.

అత్తలకు ఈ కథల్లో ఇంకో దారి ఉంది, అది భర్తల దారి కంటే నిజాయితీగా కనిపిస్తుంది. నల్లటివాళ్లంటేనే గిట్టని కార్తీక్ తల్లి సౌందర్య, కొడుకు కళ్లు తెరవకముందే దీప పక్షాన నిలబడింది. జీ తెలుగులో 2014 నుంచి 2019 దాకా వచ్చిన ‘ముద్ద మందారం’లో కులగర్వంతో నిండిన అఖిలాండేశ్వరిని హరిత ఎంత ఠీవిగా చేసిందంటే, కోడలు పార్వతిని ప్రేమించినవాళ్లే ఆ అత్తను తెర మీద చూడటానికి ఎదురుచూశారు. ‘కార్తీక దీపం’ అయిపోయిన మర్నాడే అదే ఏడున్నరకు మొదలైన ‘బ్రహ్మముడి’లో అపర్ణ కూడా కోడలు కావ్యను మొదట దూరం పెట్టి, తర్వాత ఆమెకు కొండంత అండ అయింది. అత్త మారడానికి ఏదో ఒక ఖరీదు కడుతుంది. కొడుకు మాటకు ఎదురునిలవాలి, పదిమందిలో తన పాత మాట తప్పని ఒప్పుకోవాలి, ఇంటి పెత్తనంలో కొంత వదులుకోవాలి. ఖరీదు కట్టిన మార్పునే మా ఊరి ఆడవాళ్లు గట్టిగా నమ్ముతారు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు కోడళ్లు, ఇప్పుడు అత్తలు. అట్లాంటి సీన్లు వచ్చినప్పుడు ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

వీటన్నిటి వెనక డబ్బు లెక్క ఉంది. వారంవారం వచ్చే టీఆర్పీ అంకెను బట్టే పాత్రల గుణాలు అటూఇటూ కదులుతాయి. 2022 మార్చిలో దీపనూ కార్తీక్‌నూ ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, హిమ, శౌర్య పెద్దవాళ్లయిన కథ ఎత్తుకున్నారు. రేటింగ్ పడిపోయింది. అదే ఏడాది దీప తిరిగొచ్చింది, డాక్టర్ బాబు తిరిగొచ్చాడు, మోనితా తిరిగొచ్చింది. చావును కూడా వెనక్కి తిప్పినందుకు కథను తప్పుపట్టవచ్చు. నేను ప్రేక్షకుల వైపు నుంచి చూస్తున్నాను. పిల్లలు కూడా వాళ్లకు తెలిసినవాళ్లే, కథ కూడా అదే ఇంటిది. అయినా నాలుగున్నరేళ్లు కూడబెట్టిన ఆపేక్షను పిల్లల పేరు మీద రాసివ్వడానికి వాళ్లు ఒప్పుకోలేదు. జాలి వారసత్వంగా రాదు, ప్రతి పాత్రా సొంతంగా సంపాదించుకోవాలి. కథను ఏళ్లు ముందుకు దూకించిన ఆ లీప్ చెడిపోవడం వల్ల చానళ్లు నేర్చుకోవాల్సిన పాఠం ఇది. 2024 మార్చిలో ‘కార్తీక దీపం’ రెండో భాగాన్ని కొత్త కథతో తెచ్చినప్పుడు కూడా ప్రేమి విశ్వనాథ్, డాక్టర్ బాబుగా చేసిన నిరుపమ్ పరిటాల ముఖాలనే తెచ్చుకున్నారు.

బిగ్ బాస్ గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే అక్కడ పాత్రలను రాసేది ఎడిటింగ్ టేబుల్. 2018లో ఇంట్లో మిగతావాళ్లంతా ఒకవైపు అయ్యారనిపించగానే పోటీదారు కౌశల్ వైపు బయట పెద్ద గుంపు కట్టింది, అతనే గెలిచాడు. ఒంటరిని చేసినవాడి మీద జాలి పుట్టడం సీరియల్‌లోనూ అక్కడా ఒకటే సూత్రం. 2023లో శోభా శెట్టి అదే ఇంట్లోకి వెళ్లినప్పుడు, ఆమె గొంతు పెరిగిన ప్రతిసారీ చూసేవాళ్లకు మోనిత గుర్తొచ్చింది. ఒక నటి మంచి నటనకు కట్టాల్సి వచ్చిన మూల్యం అది, అన్యాయమైన మూల్యం.

ఇంకొకటి కూడా చెప్పకుండా ఉండలేను. దీపగా వేసిన నటి నిజానికి నల్లటి మనిషి కాదు, ఆమెకు రంగు పూశారు. నలుపును అవమానించే లోకం మీద ఐదేళ్లు ఏడిపించిన సీరియల్‌కు, నల్లటి అమ్మాయిని ఆ పాత్రకు తీసుకోవాలని అనిపించలేదు. దీప మీద పొంగిన జాలి ఎండలో నాట్లేసే మా ఊరి ఆడపిల్లల పెళ్లిచూపుల దాకా వచ్చిందా? వచ్చిన దాఖలా నాకు కనిపించలేదు. పాత్ర మీద సానుభూతి బతుకులోకి రావాలంటే, తెర మీద మనిషికీ తెర ముందున్న మనిషికీ నడుమ ఇంత పూత ఉండకూడదు.

టీవీ చూడటం వల్ల పల్లె ఆడవాళ్ల ఆలోచన మారుతుందా అన్నది కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో అచ్చువేసినది వాటిలో పేరున్నది. కేబుల్ వచ్చిన ఊళ్లలో భార్యను కొట్టడాన్ని సమర్థించడం తగ్గిందని, ఆడవాళ్ల మాటకు ఇంట్లో విలువ పెరిగిందని తేల్చింది. బిహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీల్లో చేశారు, మన ఊళ్లు అందులో లేవు. పూర్ణిమా మంకేకర్ 1999 పుస్తకం ఢిల్లీ ఇళ్లలో దూరదర్శన్ చూసిన ఆడవాళ్ల మాటలను శ్రద్ధగా విన్నది. మహాభారతంలో ద్రౌపది వస్త్రాపహరణం చూసి వాళ్లు తమ బతుకుల గురించి ఏమన్నారో అందులో ఉంది. నాట్ల కాడ మోనిత గురించి మాట్లాడుకున్న మాటలకు కూడా అట్లాంటి పుస్తకం ఒకటి కావాలి. ఆలస్యం చేస్తే ఆ మాటలే ఉండవు. ఇప్పుడు ఎవరి ఎపిసోడ్ వాళ్లు ఫోన్లో చూసుకుంటున్నారు, మాట్లాడుకోవడం తగ్గుతోంది.

ఇది పెద్ద ఖర్చుతో అయ్యే పని కాదు. ఎనభైల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన వేసి, అమెరికన్ సీరియల్ ‘డాలస్’ను ఎందుకు చూస్తున్నారో రాయమని అడిగింది. 42 ఉత్తరాలు వచ్చాయి. వాటితో రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. మన వారపత్రికలు ఆ పని చేయవచ్చు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి విద్యార్థులు కేతేపల్లి, నకిరేకల్, కట్టంగూర్ ఊళ్లలో నాలుగు వాకిళ్లు తిరిగి రాసుకోవచ్చు. ఈ వ్యాసం చదివినవాళ్లు అంతదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మీ ఇంట్లో ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే అమ్మనో అత్తమ్మనో అడగండి: ఏ పాత్రను ముందు తిట్టుకుని తర్వాత ఇష్టపడ్డారు, ఏ రోజు, ఏ సీన్ చూశాక? వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, తేదీ వేసి, మీరు చదివే పత్రికకు పంపండి.